వేలి మీద తీగ

విభూది బుధవారం

ఎర్రగాలి వీచి పన్నెండు రోజులయింది. దగ్గు తగ్గలేదు. ఓడలంకలో నాలుగు వందల పన్నెండు మందిమి ఉన్నాం. అందులో సగం మంది ఛాతీ పట్టుకుని కూర్చున్నారు. ఓడల్ని కలిపి కట్టిన గొలుసుల చప్పుడు కూడా వినబడనంత దగ్గు.

పొద్దున జపమాల ముగించి తెర కట్టాను. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చారు. తెరలో ఉన్న చీలిక గుండా చెయ్యి ఒక్కటే లోపలికి వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వాళ్ళు తమ కింద నుంచి పట్టి తెచ్చిన జిగురుని నా వేళ్ళతో ముట్టి, విడదీసి చూసి, పేరు పక్కన రాయాలి. పొడి, గంజి, జారుడు, తీగ. నాకు ఈ పని నేర్పిన సిస్టరమ్మ పెట్టిన మాటలివి. ఏమీ లేకపోతే పొడి. తెల్లగా, చిక్కగా ఉండి విడదీయగానే తెగితే గంజి. కొంచెం తడిగా జారితే జారుడు. నీళ్ళంత తేటగా ఉండి, వేళ్ళు ఎంత ఎడం చేసినా పాకంలా సాగి నిలిస్తే తీగ. బెల్లం ముఖం చూడని ఆడపిల్లలకి కూడా నేను తీగపాకం అనే చెబుతాను. వాళ్ళు తలూపుతారు.

ఇవాళ అందరిదీ గంజే. మన నీళ్ళలో కడుపు రాకుండా మూతమందు కలుస్తున్నంత కాలం గంజే ఉంటుంది. అది గర్భసంచి మూతికి బిరడా. మగవాడి బీజం దాన్ని దాటలేక గంటల్లో చచ్చిపోతుంది. తీగ ఉన్న రోజుల్లో అయితే అదే బీజం మూడు నాలుగు రోజులు బతికి, ఆ తీగ పట్టుకునే లోపలికి ఈదుతుంది. నీళ్ళు చాలవు గనక ఏడాదికి ఆరుగురికి మాత్రం బిడ్డని కనే వంతు వస్తుంది. వాళ్ళకి మందు కలపని తల్లికుండ నీళ్ళు పోస్తారు. వాళ్ళ వేలి మీద తీగ కనబడిన రోజు నేను మొగుడికి కబురు పెడతాను. అది తప్ప నా ఉద్యోగంలో సంతోషం ఇంకేమీ లేదు.

నా తర్వాత ఈ తెర వెనక కూర్చునే ఆవిడ చదువుతుందని ఇవన్నీ రాస్తున్నాను.

మధ్యాహ్నం ఓడల అడుగున పట్టే నీలినాచు దంచి పెద్ద డేగిసాలో కషాయం కాచాను. మా అమ్మ ఇలాగే కాచేది. ఛాతీలో పేరుకున్నది కరిగి బయటికి వస్తుంది. వంటసాలలో పనిచేసే అచ్చియ్యమ్మ ఒక చుక్క నాలిక మీద వేసుకుని మొహం చిట్లించింది.

"జోజక్కా, దీన్ని తాగితే దగ్గు తగ్గదు. బయపడి పారిపోద్ది."

"పారిపోతే మంచిదేగా," అన్నాను.

ఇరవై ఆరు మంది ఆడవాళ్ళకి ముంత చొప్పున పోశాను. ఎవరెవరికి పోశానో వెనక పేజీలో రాసుకున్నాను, రేపు రెండోసారి పోయాలి గనక. మగవాళ్ళు పైఓడలో కాపలావాడు గంగులు దగ్గర దగ్గుకి పొగ పీల్చుకుంటున్నారు. ఈ కంపు వాళ్ళకి పడదు.

తపస్సు కాలం, మొదటి ఆదివారం తర్వాత మంగళవారం

నాగూర్‌బీ వేలి మీద తీగ వచ్చింది.

మొదట నా వేళ్ళే తడిగా ఉన్నాయేమో అనుకున్నాను. తుడుచుకుని మళ్ళీ ముట్టాను. జానెడు సాగింది. తెగలేదు. దీపం వెలుగు దాని గుండా కనబడింది.

"నాగూరూ, తల్లికుండ ముట్టావా?"

తెర అవతలికి చెయ్యి వెనక్కి లాక్కుంది. తర్వాత దగ్గు. తర్వాత, "లేదు పెద్దమ్మా. అల్లా మీద ఒట్టు. నాకు వంతు ఇంకా నాలుగేళ్ళకి గదా."

"మరి ఇదేంటి?"

"నాకేం తెలుసు పెద్దమ్మా, చూసేది నువ్వు గదా."

తీగ రాస్తే గంటలోపు నీళ్ళకొట్టుకి చెప్పాలి. అది నియమం. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ నేను నియమం తప్పలేదు. నేను వెళ్ళి నీళ్ళపెద్ద పోతురాజుకి చెప్పాను. నా గొంతు చిన్నది. అతను "ఏందక్కా, ఇంకోసారి చెప్పు" అని వంగాడు. రెండోసారి కూడా చెప్పాను.

గురువారం

ఇది రాయాలి.

నీళ్ళ దొంగకి శిక్ష ఉప్పు. నడిమిఓడ కొయ్యకి కట్టి, నోట్లో ఇనుప గరాటు పెట్టి గంటకో ముంత సముద్రపు నీళ్ళు పోస్తారు. మూడు పగళ్ళు బతికితే వదిలేస్తారు. ఇంతవరకు ఇద్దరే బతికారు.

నాగూర్‌బీ పళ్ళు బిగించింది. గంగులు గరాటుతో కొడితే ముందు పళ్ళు రెండు విరిగాయి. విరిగిన పళ్ళతో సహా నీళ్ళు పోశారు. మొదటి రోజు తిట్టింది. కక్కింది. కక్కినందుకు మళ్ళీ పోశారు. రాత్రికి నాలిక వాచి నోట్లో పట్టలేదు. రెండో రోజు ఎండలో నవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మ హుసేన్‌బీ కొయ్య దగ్గరికి పాకుతూ వస్తే కాపలావాళ్ళు గాలపుకర్రతో వీపు మీద కొట్టారు. గాలం కండలో దిగి ఊడి రాలేదు. కాలితో తొక్కి లాగారు.

సాయంత్రం నాగూర్‌బీకి ఒళ్ళంతా కొంకర్లు పోయాయి. కట్టిన తాళ్ళు మణికట్టు ఎముక దాకా కోశాయి. అలాగే పోయింది. ఇరవై ఆరేళ్ళు.

నేను అక్కడే నిలబడ్డాను. చూడడం కూడా నియమమే. మంగళవార్త జపం పెదాల మీద ఉంది, ఒక్క మాటకి కూడా అర్థం తోచలేదు. చనిపోయే ముందు ఆ పిల్ల ఎవరి కోసమో చుట్టూ చూసింది. నా కోసం కాదనే అనుకుంటున్నాను.

రెండో వారం, సోమవారం

నలుగురివి తీగలు. ఒక్క పొద్దునే నలుగురివి.

మూడో చెయ్యి వచ్చేసరికి దీపం దగ్గరికి జరుపుకున్నాను. నాలుగో చెయ్యి పోతురాజు పెళ్ళాం కాశమ్మది. పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాను. కాశమ్మ తాగే నీళ్ళు పోతురాజే తన చేత్తో సీలు వేసిన డబ్బాలో తెచ్చి ఇస్తాడు. తల్లికుండ తాళం అతని మెడలో ఉంటుంది, నిద్రలో కూడా తీయడు. ఆ మనిషి దొంగతనం చేయాలంటే మొగుడి మెడ కోయాలి.

నలుగురి పేర్ల పక్కనా గంజి అని రాశాను. అబద్ధం. పందొమ్మిదేళ్ళలో ఈ పుస్తకంలో మొదటి అబద్ధం ఇది. రాసేటప్పుడు చెయ్యి వణకలేదు. దేవుడు క్షమించనీ, నిజం రాసినప్పుడు కూడా వణకలేదు.

రెండో వారం, శుక్రవారం

ఇవాళ తెలిసింది.

కషాయం కలుపుతుంటే అచ్చియ్యమ్మ పక్కన కూర్చుని దగ్గింది. గట్టిగా, వంగిపోయి, పొట్ట పట్టుకుని. మొన్నటిదాకా ఆమె ఛాతీలో ఉన్నది రాయిలా కదిలేది కాదు. ఇవాళ ఒక్కసారిగా వచ్చింది. పెదవి నుంచి డెక్కు చెక్క దాకా తేటగా వేలాడింది. తెగలేదు.

"ఛీ ఛీ," అంటూ తుడుచుకుంది. "ఏందక్కా అట్టా చూస్తావు? కఫాన్ని కూడా రాసుకుంటావా ఏంది నీ పుస్తకంలో?"

నేను గరిట వదిలేశాను. పుస్తకం తెరిచి వెనక పేజీలో కషాయం తాగిన పేర్లు చూశాను. ముందు పేజీలో తీగ వచ్చిన పేర్లు, నేను గంజి అని రాసినవి కూడా, చూశాను. నాగూర్‌బీ. కాశమ్మ. మిగతా ముగ్గురు. అందరూ కనీసం రెండుసార్లు తాగినవాళ్ళే. తాగని పన్నెండు మందిదీ ఇప్పటికీ గంజి.

ఛాతీలో జిగురూ కింద జిగురూ ఒకే నాచుకి కరుగుతున్నాయి. మూతమందు బిరడా వేస్తోంది, నా కషాయం ఆ బిరడాని నీళ్ళు చేస్తోంది. ఇంత చిన్న సంగతి. ఇరవై ఏళ్ళుగా ఇంత దగ్గు ఎప్పుడూ రాలేదు, ఇంత కషాయం ఎప్పుడూ కాయలేదు, అందుకే తెలియలేదు.

నాగూర్‌బీ మొదటి ముంత తాగినప్పుడు "చేదుగా ఉంది పెద్దమ్మా" అంది. నేను గడ్డం పట్టుకుని తాగించాను.

డేగిసా సముద్రంలో వంచేశాను. అచ్చియ్యమ్మకి చెప్పాను. ఆమె ఖాళీ డేగిసాని బూడిదతో తోముతూ కూర్చుంది.

మూడో వారం, బుధవారం

పోతురాజు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళకొట్టులో అతనొక్కడే ఉన్నాడు, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మర చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. పుస్తకం తెరిచి రెండు పేజీలూ చూపించాను, గంజి అని దాచిన సంగతీ చెప్పాను. చదివాడు. రెండుసార్లు చదివాడు. కాశమ్మ పేరు నేను చెప్పలేదు, ఆ పేరు మీద వేలు అడ్డంపెట్టాను.

"అయితే మందు పనిచెయ్యటంలా అంటావు."

"పనిచేస్తోంది. కషాయం దాన్ని విరిచేస్తోంది. కాయడం ఆపేశాను. రెండు మూడు వారాల్లో మళ్ళీ అందరిదీ గంజే అవుతుంది. ఈలోపు ఎవరికైనా కడుపు నిలిస్తే అది దొంగతనం కాదని జనానికి చెప్పు పోతురాజూ. నేను కూడా చెబుతాను."

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"చెబితే నాగూర్‌బీని చంపింది ఎవరక్కా? నేనా, నువ్వా?"

నేను పుస్తకం మూసేశాను.

"ఆ దాహం ఏడాది నువ్వు చూళ్ళేదా? పదకొండు మంది పిలకాయల్ని ఈ చేతుల్తో సముద్రంలో వదిలా. నా చెల్లెలి కూతురు నీళ్ళనుకుని సొంత నాలిక చప్పరించింది. ఉప్పుకి బయపడబట్టి జనం వంతులో ఉన్నారు. ఆ కొయ్య మీద పోయిన మడిసి దొంగ కాదని ఒక్కసారి అన్నావంటే, రేపు తల్లికుండ చుట్టూ కత్తులు లేస్తయ్. నాలుగొందల మందికి నీళ్ళు. నాలుగొందల యాభైకి లేవు. అంతే లెక్క."

"మరి ఎవరికైనా కడుపు వస్తే?"

"వస్తే దొంగ." తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "నీ పుస్తకంలో గంజి అని రాస్తన్నావుగా. రాసుకో. నేను అడగను. పోయి జపం చేసుకో అక్కా."

అతను దుర్మార్గుడైతే నాకు తేలికగా ఉండేది.

నాలుగో వారం, శనివారం

క్లార నీళ్ళ వరుసలో కక్కింది.

క్లారకి ఇరవై నాలుగు. జ్ఞానస్నానం రోజు నేనే దాన్ని ఎత్తుకున్నాను, నేను దాని జ్ఞానతల్లిని. బాలశౌరిని చేసుకుని రెండేళ్ళయింది. దగ్గుతో పడుకుని ఆ వారం తెర దగ్గరికి రాలేదు. కషాయం మాత్రం నేనే దాని పడక దగ్గరికి తీసుకెళ్ళి పోశాను. ముట్టు తప్పి పది రోజులయిందని ఇవాళ ఏడుస్తూ చెప్పింది.

"నేను ఏ కుండా ముట్టలేదమ్మా. నువ్వు నమ్ముతావు గదా?"

"నమ్ముతాను."

"మరి ఎట్టొచ్చింది?"

చెప్పాను. అది నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఆఖరికి "అయితే నువ్వు చెబితే సరిపోద్ది గదా," అంది, పిల్లలు అడిగినట్టు.

కాపలావాళ్ళు సాయంత్రం వచ్చారు. బాలశౌరి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. గంగులు గాలపుకర్రతో మొదటి దెబ్బకే అతని మోకాలి చిప్ప పగలగొట్టాడు. కింద పడిన మనిషి గంగులు చీలమండ కొరికి కండ ఊడపీకాడు. అప్పుడు ముగ్గురు కలిసి తన్నారు. నోట్లోంచి రక్తం బుడగలుగా వచ్చేదాకా తన్నారు. క్లారని జుట్టు పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకెళ్ళారు. ప్రతి మెట్టు మీదా దాని తల తగిలిన చప్పుడు లెక్కపెట్టాను. పద్నాలుగు.

రేపు ఆదివారం గనక ఉప్పు సోమవారం మొదలుపెడతారు. ఆదివారం శిక్ష వేయకూడదు. అది కూడా నియమమే.

ఐదో వారం, బుధవారం. ఎడమ చేత్తో రాస్తున్నాను

అక్షరాలు వంకరగా ఉంటాయి. చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

సోమవారం పొద్దున జనం అంతా నడిమిఓడ మీద చేరారు. క్లారని కట్టేశారు. మొదటి ముంత పోశారు. గంగులు కుంటుతూనే పోశాడు. రెండో ముంత పోసినప్పుడు క్లార దగ్గి, నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. మూడో ముంతకి నేను ముందుకి నడిచాను.

గట్టిగా అరవాలని అనుకున్నాను. నాకు అరవడం రాదు. మామూలుగానే చెప్పాను. ముందున్నవాళ్ళు విని వెనకవాళ్ళకి చెప్పారు, వాళ్ళు ఇంకా వెనక్కి చెప్పారు. నా మాట అలా ఓడ చివరిదాకా వెళ్ళింది. కషాయం నాది. తీగ తెప్పించింది నేను. నాగూర్‌బీ దొంగ కాదు. క్లార దొంగ కాదు. నాలుగు పేర్ల పక్కన తప్పు రాశాను.

"ముసల్దానికి జ్ఞానకూతురి మీద ప్రేమ," అన్నాడు పోతురాజు జనంతో. "అది బతకాలని కథలు చెబుతోంది. రుజువేదక్కా?"

నా దగ్గర పుస్తకం ఉంది. పుస్తకంలో అబద్ధం రాశానని ఇప్పుడే ఒప్పుకున్నాను. ఆ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు? క్లార కళ్ళు నా మీదే ఉన్నాయి.

అప్పుడు కాశమ్మ వచ్చింది. మొగుడి వెనక నుంచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, వంటసాలకి పోతున్నట్టుగా వచ్చింది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది. నా ముందుకి వచ్చి చెయ్యి చాపింది.

"చూడు జోజక్కా. ఇందాక తెర దగ్గరికి రాబోయా. తెర కట్టలా ఇయ్యాల నువ్వు."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆమె బొటనవేలూ చూపుడువేలూ విడదీసింది. ఎండలో మెరిసింది. జానెడు సాగి ఊగింది. నేను ఆ చేతిని అందరికీ కనబడేలా పైకి ఎత్తాను. పందొమ్మిదేళ్ళుగా తెర వెనక చూసినదాన్ని మొదటిసారి ఎండలో చూశాను. సిగ్గు వేయలేదు.

"కషాయం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు తాగా నేను," అంది కాశమ్మ. "నా నీళ్ళు ఎవరి చేత్తో తాగుతానో మీకందరికీ తెలుసు. కుండ తాళం ఎవరి మెళ్ళో ఉందో కూడా తెలుసు. నేను దొంగనైతే తాళం ఇచ్చినోడు ఎవడు? చెప్పు మావా."

జనంలో ఒక్క దగ్గు కూడా వినబడలేదు.

పోతురాజు ముఖంలో ఏదో తెగింది. అతను పెళ్ళాన్ని చూడలేదు. ఎత్తి ఉన్న ఆ చేతిని మాత్రమే చూశాడు. గంగులు చేతిలోంచి గాలపుకర్ర లాక్కుని రెండు చేతులతో ఆ చేతి మీదికి దించాడు. కాశమ్మ వెనక్కి లాక్కుంది. నేను వదల్లేదు, నాకు అంత చురుకు లేదు. ఇనుము నా వేళ్ళ మీద పడి, వాటిని పక్కనున్న రెయిలింగుకి అదిమింది. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర చితికి తోలుకి వేలాడింది. బొటనవేలు పగిలింది. నొప్పి వెంటనే రాలేదు. చప్పుడు ముందు వచ్చింది, పచ్చి కర్ర విరిచినట్టు.

రెండోసారి ఎత్తాడు. ఈసారి పెళ్ళాం తల మీదికి. ఆ దెబ్బ పడలేదు.

ఎవరు ముందు పట్టుకున్నారో తెలియదు. ఆడవాళ్ళే. తీగ వచ్చి నేను దాచిన ముగ్గురూ ఉన్నారు, కషాయం తాగనివాళ్ళూ ఉన్నారు. కాపలావాళ్ళు వెనక్కి జరిగారు. గంగులు కర్ర లేని చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు. అచ్చియ్యమ్మ చేపల కత్తితో క్లార తాళ్ళు కోసింది. అవే తాళ్ళు పోతురాజుకి కట్టారు. గరాటు నోట్లోకి తోస్తే పెదవి చీలింది. గంటకో ముంత కాదు. ముంత వెనక ముంత. అతని పొట్ట ఉబ్బడం నాకు కనబడింది. మధ్యలో ఊపిరి అందినప్పుడు "లెక్క, లెక్క" అన్నాడు. ఒకామె "ఇది నీ లెక్క" అని ఇంకో ముంత పోసింది. నాగూర్‌బీ పేరు ఎవరో అరిచారు, అందరూ అందుకున్నారు.

నేను రెయిలింగుకి ఆనుకుని కూర్చుని, చితికిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాను. ఆపండి అనగలిగేదాన్ని. పక్కనున్న ఇద్దరికి చెబితే వాళ్ళు మిగతావాళ్ళకి చెప్పేవాళ్ళు, ఇందాక నా మాట అలాగే ఓడ చివరిదాకా వెళ్ళింది. నేను ఏమీ అనలేదు. క్లార నా పక్కకి పాకి వచ్చి నా భుజం మీద తల వేసి, ఉప్పునీళ్ళు కక్కింది. నేను ఎడమ చేత్తో దాని వీపు నిమిరాను. అటు చూడలేదు. వినడం మాత్రం విన్నాను.

మధ్యాహ్నానికి అతను పోయాడు. కాశమ్మ తాళం తీసి సముద్రంలో పడేయబోతే అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "నీళ్ళు ఎట్టా తాగాలే తల్లీ?" అంది. కాశమ్మ కూలబడి, అప్పుడు మొగుడి కోసం ఏడ్చింది.

రాత్రి అచ్చియ్యమ్మ నా చూపుడువేలు తీసేసింది. గంజి కాచే పొయ్యిలో కత్తి కాల్చింది. నా నోట్లో గుడ్డ కుక్కుతూ, "తిట్టుకో అక్కా, ఇప్పుడన్నా ఒక బూతు తిట్టు," అంది. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

ఐదో వారం, శనివారం

బొటనవేలు ఉంది, దాని చివర స్పర్శ లేదు. గంజికీ తీగకీ తేడా నాకు ఇక తెలియదు. నల్లగా వాచిన చేతిని చూస్తూ రోజంతా కూర్చున్నాను.

క్లార నీళ్ళు తాగుతోంది, మంచి నీళ్ళు. మూత్రం ఇవాళ వచ్చింది. రక్తం కనబడలేదు. బిడ్డ నిలిచిందో లేదో ఇంకా చెప్పలేం. బాలశౌరి కాలు ఇక వంగదు. ఇద్దరూ ఒక చాప మీద పడుకుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. బతికే ఉన్నారు.

నీళ్ళు నాలుగు వందల మందికే. పోతురాజు చెప్పింది అబద్ధం కాదు. మరకి కొత్త పెద్దగా ఎవరుండాలని అడిగితే నన్ను చూపించారు. వద్దన్నాను. ఇంకో మాట చెప్పాను. ఈ తెర తీసేద్దాం. ఎవరి వేలు వాళ్ళు చూసుకోవాలి. మూతమందు నీళ్ళలో ఉన్నా, రేపు అయిపోయినా, ఇంకో నాచో ఆకో దాన్ని విరిచినా, తన వేలి మీద ఏముందో ప్రతి మనిషికీ తెలిసి ఉంటే ఎవరూ ఎవరినీ కొయ్యకి కట్టక్కర్లేదు.

సోమవారం నుంచి మొదలుపెట్టాలి. ఎన్ని వారాలు పడుతుందో తెలియదు.

ఆరో వారం, మంగళవారం

ముప్పై ఒక్క మంది వచ్చారు. నడిమిఓడ మీదే కూర్చోబెట్టాను. కొయ్య నరికి పొయ్యిలో పెట్టేశారు గనక చోటు ఖాళీగా ఉంది.

ముట్టు ఆగిన తర్వాత పొడిగా ఉండే రోజులు ఎలా గుర్తుపట్టాలో చెప్పాను. గంజి ఎప్పుడు జారుడు అవుతుందో, జారుడు ఎప్పుడు తీగ అవుతుందో చెప్పాను. ఒక్కొక్కరికి తీగ ఒక్కరోజే ఉంటుంది, కొందరికి నాలుగు రోజులు. తీగ తెగి మళ్ళీ చిక్కబడిన తర్వాత కూడా మూడు రోజులు ఆగాలి, అప్పుడే మూత పడినట్టు లెక్క. బిడ్డ కావాలనుకునేవాళ్ళకి తీగ రోజులే గుమ్మం. వద్దనుకునేవాళ్ళకి అవే గోడ.

"అంటే ఆ వారం రోజులు మొగుణ్ణి గొలుసుకి కట్టెయ్యాలి," అంది అచ్చియ్యమ్మ. "మా ఆయన్ని రెండు గొలుసులకి."

అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఓడ మీద నవ్వు విన్నాను. కాశమ్మ నవ్వలేదు గానీ, చివరలో కూర్చుని వింది. తన చేతిని తానే ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

అప్పుడు హుసేన్‌బీ వచ్చింది. నాగూర్‌బీ తల్లి. వీపు మీద గాలం దిగిన పుండు మానలేదు, వంగి నడుస్తోంది. అందరూ దారి ఇచ్చారు. నా ఎదురుగా నిలబడి కుడి చెంప మీద కొట్టింది. తర్వాత ఎడమ చెంప మీద. ఆ రెండో దెబ్బకి నా పెదవి పగిలి నోట్లో రక్తం రుచి తెలిసింది. అచ్చియ్యమ్మ లేవబోతే వద్దని చెయ్యి ఊపాను. వేలు పోయిన చెయ్యి అది.

"నీ గుడి పిల్ల కొయ్య ఎక్కితే నీకు నోరొచ్చింది," అంది హుసేన్‌బీ. "నా పిల్ల ఎక్కినప్పుడు ఏమయిందే ఆ నోరు?"

"నాకు అప్పుడు తెలియదు," అన్నాను. అది నిజమే. ఆ నిజం వినడానికి నాకే అసహ్యంగా ఉంది. "తెలిసిన తర్వాత కూడా రెండు వారాలకి పైగా జనానికి చెప్పలేదు."

ఆమె చాలాసేపు నన్ను చూసింది. ఇంకా కొడుతుందనుకున్నాను. కొట్టాలనీ అనుకున్నాను. అక్కడ ఉన్నవాళ్ళందరూ నా గురించి మంచి మాటలు చెప్పుకుంటున్నారు ఈ వారం రోజులూ. ఆమె ఒక్కతే సరిగ్గా చూసింది.

తర్వాత ఆమె మెల్లగా, వీపు పట్టుకుని, వరుస చివర కాశమ్మ పక్కన కూర్చుంది. తన చిన్నకూతుర్ని, పదిహేనేళ్ళ పిల్లని, దగ్గరికి లాక్కుని తన ముందు కూర్చోబెట్టుకుంది.

"చెప్పు," అంది. "మొదటి నుంచి చెప్పు. నేర్చుకుంటుంది. నేర్చుకుంటుంది గానీ నీకు మాత్రం చూపించదు. ఏ రోజూ చూపించదు."

"చూపించొద్దు," అన్నాను.

"గట్టిగా చెప్పు. వినపడటంలా."

నేను గట్టిగా చెప్పాను. తర్వాత పొడి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.